తెలిసి పోసిన చాయ

అంటరానితనం పోయిందా లేదా అని ఎవరన్నా అడిగితే నేను మొదలు బాయి గురించి చెప్తాను. తర్వాత గిలాస గురించి చెప్తాను. ఆ తర్వాత ఇప్పుడు హోటళ్ళల్ల బల్లకు అతికించి ఉంటున్న నలుపు తెలుపు గళ్ళ బొమ్మ, అదే క్యూఆర్ కోడ్, దాని గురించి చెప్తాను. ఈ మూడు ఒకే వరుసలో వచ్చినయి. ఫోన్ తీసి ఆ బొమ్మకు చూపెడితే హోటల్‌లో ఏమేం ఉన్నయో కనపడతది, కావాల్సింది ఒత్తితే తిండి బల్ల మీదికి వస్తది, పైసలు కూడా ఫోన్లనే పోతయి. 'మీరేంటోళ్ళు' అని ఎవరూ అడగరు. కనుక హోటల్‌లో కులం పోయింది, దాన్ని యంత్రం తీసేసింది అని కొందరు అంటున్నరు. పై కులాలవాళ్ళు అంటే నాకు ఆశ్చర్యం లేదు. కాలేజీకి పోతున్న మా వాడ పిల్లలే అంటున్నరు. యంత్రం ఏం తీసింది, ఏం తీయలేదు అన్నది తేల్చుకోవాలె.

నేను మాదిగదాన్ని. మా ఇంట్ల పలక పట్టిన మొదటి మనిషిని, నిజామాబాదు గిరిరాజ్ కాలేజీల డిగ్రీ చదివిన మొదటి మనిషిని. ఇప్పుడు సర్కారు బడిల టీచరును. మాది జక్రాన్‌పల్లి మండలం. హైదరాబాదు నుంచి నాగపూర్ పోయే పెద్దరోడ్డు, ఒకప్పుడు 7వ నంబరు, ఇప్పుడు 44వ నంబరు, మా మండలం మీది నుంచే పోతది. పసుపు పండే నేల. పసుపు తవ్వే చేతులు, ఉడకబెట్టే చేతులు, కొమ్ములు విరిచే చేతులు ఎక్కువగ మావాళ్ళవే. మేం ముట్టిన పసుపు దేవుని గూట్లకు పోతది, పెండ్లికూతురు మొఖానికి పోతది. మేం ముట్టిన గిలాస మాత్రం హోటల్ లోపలికి పోకపోయేది.

ముందు బాయి సంగతి. మా అవ్వ పడుచు వయసులో ఉన్నప్పుడు ఊరి చేదబాయి కాడ కుండ పెట్టుకొని దూరంగ నిలబడేది. పెద్దకులపామె ఎవరన్నా దయతలిచి పైనుంచి పోస్తే నీళ్ళు, లేకుంటే లేవు. తర్వాత సర్కారు మా వాడల బోరింగు వేసింది. ఇంకా తర్వాత నల్లా వచ్చింది. 2016ల మొదలైన మిషన్ భగీరథ పైపు ఇప్పుడు మా ఇంటి ముంగటికే వచ్చింది. బాయి కాడ నిలబడే గతి తప్పింది. ఇది చిన్న సంగతి కాదు. అయితే బాయి మాకు ఏనాడూ తెరుచుకోలేదు. బోర్లు వచ్చినంక వాళ్ళే బాయిని విడిచిపెట్టిండ్రు. అది పాడుబడి కంపచెట్లు మొలిచినయి. మేం తోడుకునే హక్కు గెలిచే లోపలనే తోడుకునే బాయి లేకుండ పోయింది.

1927ల మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకొని చవదార్ చెరువుకు పోయింది దూప తీర్చుకునేటందుకు మాత్రమే కాదు. మేము కూడా అందరిలాంటి మనుషులమే అన్న సంగతిని పదిమంది ముందట నిలబెట్టేటందుకు. నీళ్ళ కోసమే అయితే మహర్ల వాడకు వేరే నల్లా వేసి చేతులు దులుపుకుంటే సరిపోయేది. మన ఊర్లల్ల జరిగింది అదే. మనం అడిగింది చెరువు, వాళ్ళు ఇచ్చింది నల్లా.

ఇక గిలాస. 1990లల్ల, నేను చిన్నపిల్లగ ఉన్నప్పుడు, మా నాయిన వెంబడి అంగడికి పోతుంటి. అంగడి ఊర్లె ఒక చాయ హోటల్ ఉండేది. లోపల బల్లలు, బెంచీలు. మేం లోపలికి పోయేది లేదు. బయట తడిక సందున మా గిలాసలు చెక్కి ఉండేవి. మేమే తీసుకోవాలె, మేమే కడుక్కోవాలె, చెయ్యి చాపి పట్టుకుంటే పైనుంచి చాయ పోసేది. తాగినంక మళ్ళీ కడిగి తడికకు చెక్కాలె. పైసలు చేతికి ఇయ్యొద్దు, గల్లా పక్కన చెక్క మీద పెట్టాలె. చిల్లర తిరిగి ఇచ్చేటప్పుడు మా నాయిన దోసిలి పడితే పైనుంచి విడిచేటోడు. ఆ పైసలు ఒక్కోసారి కింద పడి దొర్లేవి. ఎత్తుకునేది నా పని.

1950ల రాజ్యాంగం వచ్చింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళు అని పేరు పెట్టి మరీ చెప్పింది, కులం పేరు మీద ఎవరినీ ఆపొద్దని. 1955ల చట్టం చేసి దీన్ని శిక్షపడే నేరం అన్నరు. 1989ల ఇంకో గట్టి చట్టం. ఇన్ని వచ్చినా ఆ తడిక సందున ఉన్న గిలాస కదలలేదు. 2001ల జస్టిస్ పున్నయ్య కమిషన్ ఆంధ్రప్రదేశ్ ఊర్లల్ల తిరిగి చెప్పింది కూడా ఇదే, ఈ ఆచారాలు ఇంకా బతికే ఉన్నయని. కులవివక్ష వ్యతిరేక పోరాట సంఘం వంటి సంఘాలు ఊరూరా తిరిగి రెండు గిలాసల మీద కొట్లాడినయి. కొట్లాడిన చోట హోటల్ లోపలికి పోయి బెంచీ మీద కూర్చొని అందరి గిలాసల తాగిండ్రు. అక్కడ మార్పు కండ్ల ముందట జరిగింది. చేసినోడు తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది, కనీసం తలవంచాల్సి వచ్చింది.

మేం పోయే హోటల్‌కు అటువంటి రోజు రాలేదు. అక్కడికి ప్లాస్టిక్ గిలాస వచ్చింది.

అది మా కోసం రాలేదు. కడిగే మనిషికి కూలి మిగులుతది, నీళ్ళు మిగులుతయి, పార్సిల్ కట్టుడు సులువు అని వచ్చింది. వచ్చినంక తడిక సందున గిలాసలు ఒకనాడు చూస్తే లేవు. ఎవరు తీసిండ్రో, ఎప్పుడు తీసిండ్రో తెల్వదు. ఎవరూ సిగ్గుపడలేదు, ఎవరూ క్షమించుమని అనలేదు. లోపలి గాజు గిలాస మాకు ఇయ్యలేదు. దానికి బదులు అందరి గిలాసను మా గిలాస లెక్క చేసిండ్రు. ఎవరిది వాళ్ళకే వేరు, ఒకరు ముట్టింది ఇంకొకరు ముట్టేది లేదు, తాగి పారేసుడే. బాయిని పాడుబెట్టినట్లే గిలాసను కూడా పాడుబెట్టిండ్రు. పంచుకునే కంటే పారేసుడే నయం అనుకున్నరు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ గిలాసలు నిషేధమైతే కాగితం గిలాసలు వచ్చినయి. గుణం మారలేదు.

పైసల సంగతి కూడా అట్లనే మారింది. 2016ల యూపీఐ వచ్చింది, అదే ఏడు నోట్లు రద్దయినయి. ఇప్పుడు చాయ బండి కాడ కూడా కోడ్ బొమ్మ, పక్కన డబ్బా. పైసలు పడితే ఆ డబ్బా ఇన్ని రూపాయలు ముట్టినయని అరుస్తది. నాకు ఆ డబ్బా అంటే ఇష్టమే, దాచుకోను. మా నాయిన దోసిట్లె పైనుంచి పడ్డ చిల్లర నాకు యాదికున్నది. ఇప్పుడు ఏ మనిషి చేతిలకు ఏ మనిషి పైసలు విడిచే పని లేదు. పది రూపాయలు ఎవరు పంపినా డబ్బా ఒకే గొంతుతో అరుస్తది. ఈ మేలును కాదనేటోళ్ళు దోసిలి పట్టినోళ్ళు కారు.

అయినా నాకు ఒక ప్రశ్న మిగిలింది. నేనెవరో తెల్వకపోవుట్ల దొరికే సమానత్వం సమానత్వమేనా?

ఈ ప్రశ్న ఫోన్లతోని పుట్టింది కాదు. డిగ్రీ చదివేటప్పుడు నిజామాబాదు టౌనుల హోటల్‌కు మొదటిసారి పోయి లోపల కూర్చున్నప్పుడే పుట్టింది. అక్కడ సర్వర్ బల్ల తుడిచి, స్టీలు గిలాసల నీళ్ళు తెచ్చి నా ముందట పెట్టిండు. నాకు కడుపు నిండిన సంతోషం అయ్యింది. కానీ ఆయన ఆ నీళ్ళు పెట్టింది నాకు కాదు, ఎవరో ఒక గిరాకీకి. మా ఊరోడు ఎవడన్నా పక్క బల్ల కాడ కూర్చొని నా దిక్కు చూస్తే నా ముద్ద గొంతుల ఆగేది. పట్నం మనకు ఇచ్చింది మన ఊరు ఎవరికీ తెల్వకపోవుట్ల ఉన్న నెమ్మది. పేరు చివర ఏమీ లేకపోతే, ఊరు చెప్పకపోతే, అది ఉంటది. చెప్తే పోతది.

1934ల అంబేద్కర్ తన తోటివాళ్ళతోని దౌలతాబాదు కోట చూడవచ్చిండు. అప్పుడది మనం ఉన్న నిజాం రాజ్యంలనే ఉండేది. దుమ్ము కొట్టుకొని వచ్చిన మనుషులు కోట వాకిట్ల చిన్న హౌజులో మొఖాలు, కాళ్ళు కడుక్కున్నరు. కడుక్కున్నంతసేపు ఎవరూ ఏమనలేదు. వీళ్ళు ఫలానా అని తెలిసినంక ఒక ముసలాయన నీళ్ళు మైల చేసిండ్రని అరుచుకుంట వచ్చిండు, గుంపు జమైంది. చివరికి వాళ్ళు ఎక్కడా నీళ్ళు ముట్టకుండ చూసేటందుకు ఒక సిపాయిని వెంట పంపిండ్రు. ఈ సంగతి ఆయనే రాసుకున్నడు. నీళ్ళు అవే, మనుషులు వాళ్ళే. నడుమ మారింది ఒక్కటే, తెల్వకపోవుడు పోయి తెలిసింది.

ఫోన్ యాప్ చేసింది ఈ తెల్వకపోవుడును పెంచుడు. వండినోడు ఎవరో తెల్వదు, తినేటోడు ఎవరో వంటోనికి తెల్వదు. 2020ల కరోనా వచ్చినప్పుడు 'సామాజిక దూరం' పాటించాలని ఊరూరా మైకులల్ల చెప్పిండ్రు. మా వాడ ముసలోళ్ళు నవ్విండ్రు. దాన్ని మేం ఎన్ని తరాల నుంచి పాటిస్తున్నమో వాళ్ళకు తెల్వదా అని. అప్పుడే గుమ్మం కాడ సంచి పెట్టి దూరం జరిగే డెలివరీ వచ్చింది. తాకకుండ అందించుడు కొత్త మర్యాద అయ్యింది.

అయితే ఈ యాప్‌ల కూడా ఒక సందు తెరిచే ఉన్నది. తెచ్చేటోని పేరు ఫోన్ల కనపడతది. పేరు కనపడ్డ కాడల్లా పాత రోగం లేస్తది. 2019ల జబల్పూర్‌లో హిందువు కాని మనిషి తెస్తున్నడని ఒకాయన జొమాటోల ఆర్డరు వద్దన్నడు. కంపెనీ మనిషిని మార్చ ఒప్పుకోలేదు, అది మంచిపనే. 2022 జూన్‌లో లక్నోల ఒక దళిత యువకుడు, పేరు కులం అడిగి తన చేతి తిండి తీసుకోలేదని, కొట్టిండ్రని ఫిర్యాదు చేస్తే పోలీసులు కేసు పెట్టిండ్రు. అవతలివాళ్ళు కాదన్నరు. అదే ఏడు ఆగస్టులో మన హైదరాబాదులో ఒక స్విగ్గీ ఆర్డరు కింద ముస్లిం మనిషిని పంపొద్దన్న సూచన ఉన్నదని గిగ్ వర్కర్ల యూనియన్ బయటపెట్టింది. 2024 మార్చిల జొమాటో శాకాహారులకు వేరే బలగం, వేరే పచ్చ బట్టలు అని ప్రకటించింది. నలుగురు గట్టిగ అడిగితే మర్నాడే పచ్చ బట్టల ముచ్చట వాపసు తీసుకున్నది. ఏ బట్టలోడు ఏ గల్లీకి రావచ్చునో తేలే రోజు ఒక్క ప్రకటన దూరంలనే ఉండె. తడిక సందున గిలాసకు, ఆ పచ్చ బట్టకు చుట్టరికం ఉందా లేదా మీరే చెప్పండ్రి.

మా చిన్నాయిన కొడుకు హైదరాబాదులో ఈ పనే చేస్తడు. ఇంటర్ దాకా చదివిండు. బండి వానిది, పెట్రోలు వానిది, ఎండ వానిది. హోటల్ కాడ పార్సిల్ కోసం బయటనే నిలబడాలె, లోపల కుర్చీల కూర్చుంటే గిరాకీకి ఇబ్బంది అంటరట. అపార్ట్‌మెంటుకు పోతే గిరాకీలు ఎక్కే లిఫ్టు వేరు, వీళ్ళు ఎక్కే లిఫ్టు వేరు. 'అక్కా, నా కులం ఎవరికీ తెల్వదు గని నేను ఎటు నిలబడాల్నో మాత్రం అందరికీ తెలుసు' అన్నడు. ఈ వాక్యం నేను ఏ పుస్తకంల చదవలేదు. వాని పక్కన నిలబడేటోళ్ళల్ల అన్ని కులాల బీదపిల్లలు ఉన్నరు. అంటే కులం చేసే పనిని ఇప్పుడు కొలువే చేస్తున్నది.

ఇంకొక మాట. తాగి పారేసిన కాగితం గిలాస ఎటు పోతది? ఎవరో ఒకరు ముట్టాలె కద. తెల్లారి నాలుగింటికి నిజామాబాదు బస్టాండు ముందట చీపురు పట్టుకున్నది ఎవరు? ఎక్కువమంది మావాళ్ళే. అప్పుడు మా నాయిన తన ఎంగిలి గిలాస తానే కడిగేది. ఇప్పుడు ఊరందరి ఎంగిలి గిలాసలు మా ఆడోళ్ళు ఎత్తుతున్నరు. 2017ల చెన్నైల, తర్వాత రెండేండ్లకు హైదరాబాదు జూబ్లీహిల్స్‌ల మరబొమ్మలు వడ్డించే హోటళ్ళు పెట్టిండ్రు. జనం ఫోటోలు దిగనీకె పోయిండ్రు. మరబొమ్మ పళ్ళెం తెస్తది, బాగానే ఉంది. మోరీ కాడ గిన్నెల మురికి మీద చెయ్యి పెట్టింది ఎవరో ఎవరూ ఫోటో తీయలేదు. యంత్రం హోటల్ ముందటి గదిలకు వస్తున్నంత తొందరగ వెనుక గదిలకు వస్తలేదు. ఎందుకంటే ముందటి గదిల మనిషి ఖరీదైనోడు, వెనుక గదిల మనిషి అగ్గువోడు.

1853లనే కార్ల్ మార్క్స్ రాసిండు, రైళ్ళతోని వచ్చే కొత్త పరిశ్రమ కులానికి ఆధారమైన వంశపారంపర్య పని విభజనను కరిగిస్తదని. రైలు మా నిజామాబాదుకు వచ్చింది. బోధన్ శక్కర్‌నగర్‌ల 1930లల్ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. చుట్టూ ఊర్లకు అన్నం పెట్టింది. 2015 డిసెంబర్‌ల మూతపడ్డది. ఫ్యాక్టరీ వచ్చింది, పోయింది. కులం ఉన్న కాడనే ఉన్నది. 1936ల 'కులనిర్మూలన'ల అంబేద్కర్ చెప్పిందే నిజమని నాకు తోస్తది. కులం ఇటుకల గోడ కాదు కూలగొట్టనీకె, అది మనసుల ఉన్న ఒక భావన. కలిసి తిన్నంత మాత్రాన కూడా పోదని ఆయన అన్నడు. కలవకుండ తింటే ఎట్ల పోతది?

మా అవ్వ దీనికి ఒప్పుకోదు. 'వాని మనసు ఎట్లుంటే నాకేంది బిడ్డా, నా దూప తీరిందా లేదా? నువ్వు చదువుకున్నవు, నీకు వాని మనసు కూడా కావాల్నా?' అంటది. ఆమె మాటను నేను కొట్టెయ్యలేను. బాయి కాడ నిలబడ్డది ఆమె, నేను కాదు. ఆకలి, దూప, భయం, ఇవి ముందు తీరాలె. మనసు మారేదాకా ఆగుమనేటోళ్ళు ఎప్పుడూ నిండిన కుండ ఉన్నోళ్ళే. అందుకే నల్లాను, కాగితం గిలాసను, కోడ్ బొమ్మను వద్దనేది లేదు. వాడుకోవాలె. కానీ వాటిని గెలుపు అని పిలవొద్దు. అవమానం ఆగుడు వేరు, గౌరవం వచ్చుడు వేరు. ఒకటి యంత్రం చెయ్యగలదు. రెండోది మనిషి మనిషికి చెయ్యాల్సిందే.

అది జరగని పనేం కాదు. మా నాయిన తర్వాత కొన్నేండ్లు దుబాయిల ఉన్నడు. మా దిక్కు ప్రతి ఊర్లె అట్ల పోయినోళ్ళు ఉన్నరు. ఒక్క రూముల మా ఊరి కాపాయన, గౌడాయన, మాదిగ, మాల అందరు ఉండేదట. వంతుల వారీగ వండేది, ఒకే గంజుల అన్నం. ఎవరు ఎవరో అందరికీ తెలుసు. తెలిసే తిన్నరు. అదే కాపాయన సెలవు మీద ఊరికి వచ్చి మా వాకిట్ల నిలబడి మాట్లాడి పోయిండు, మా ఇంట్ల మంచినీళ్ళు ముట్టలేదు. ఎడారిల మనసు మారినట్టే ఉండె, ఊరి పొలిమేర కాడ పాత మనసు వచ్చి కూర్చున్నది. అంటే మారలేక కాదు. ఊర్లె మారాల్సిన అవసరం ఆయనకు రాలేదు. ఆ అవసరం పుట్టించుడే ఉద్యమం చేసే పని.

బడిల నేను దీన్ని రోజూ చూస్తాను. 2004ల సుప్రీంకోర్టు మధ్యాహ్న భోజనం వండే పనిల దళితులకు ప్రాధాన్యం ఇయ్యాలని చెప్పింది. దేశంల చాలా చోట్ల దళితామె వండిందని పిల్లలను తిననియ్యని తల్లిదండ్రులు ఉన్నరు. దీనికి ఉపాయంగ ఎక్కడో పెద్ద యంత్రాల వంటశాల పెట్టి డబ్బాలల్ల తెస్తే గొడవే ఉండదు అనేటోళ్ళు ఉన్నరు. నిజమే, గొడవ ఉండదు. ఆ గొడవ ఉండాల్నని నేనంటాను. మా బడిల పిల్లలు వంతుల వారీగ వడ్డిస్తరు. మాదిగ పిల్ల పప్పు పోస్తది, కాపోళ్ళ పిల్లగాడు పళ్ళెం పడతడు. వాళ్ళకు ఒకరి ఇల్లు ఒకరికి తెలుసు. ఒక తండ్రి వచ్చి అడిగిండు, ఈ వడ్డించే పని ఆయమ్మతోనే చేయించొచ్చు కద మేడం అని. చేయించను అని చెప్పిన. ఎందుకో కూడా కూర్చోబెట్టి చెప్పిన. ఆయన ఒప్పుకొని పోలేదు. కానీ కొడుకును బడి మాన్పించలేదు.

కనుక తమ్ముళ్ళు, చెల్లెండ్లు, మీరు సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక పని చేయండ్రి. పట్నంల ఫోన్ తీసి ఒత్తితే వచ్చే చాయ కాదు, మీ సొంత ఊరి హోటల్‌కు పోండ్రి. నలుగురు ఉన్నప్పుడు పోండ్రి. లోపల బెంచీ మీద కూర్చోండ్రి. ఎవరి బిడ్డవు అని అడిగితే నాయిన పేరు చెప్పండ్రి, వాడ పేరు చెప్పండ్రి. కాగితం గిలాస ఇస్తే వద్దనండ్రి. అందరూ తాగి, కడిగి, మళ్ళీ అందరూ తాగే గాజు గిలాస అడగండ్రి. ఆయన దాన్ని మీ చేతికి ఇస్తడా, మీరు తాగినంక కడిగి మిగతా గిలాసల నడుమ పెడతడా చూడండ్రి. పెడితే ఆ ఊరు కొంత మారినట్లు. పెట్టకపోతే మనం చెయ్యాల్సిన పని ఏ ఊర్లె మిగిలిందో తెలిసినట్లు.